ఓట్లయ్యేదాకా తాళం

2023 సెప్టెంబరు. సౌదీలోని దమ్మామ్‌లో మనవాళ్ళ పిల్లలు చదివే ఒక స్కూలు. అందులో బాలికల విభాగానికి నేను నర్సుని. మాది నరసాపురం. నర్సింగ్ చదివేటప్పుడు ఐసీయూలో ప్రాణాలు కాపాడేస్తానని కలలు కన్నాను. దొరికింది మాత్రం గేటు పక్కన ఒక గది, ఒక మంచం, లెక్కల పరీక్ష రోజున మాత్రమే కడుపునొప్పి వచ్చే పిల్లలు.

స్కూల్ నర్సు పెద్దగా వైద్యం చెయ్యదు. మేము చేసేది ట్రయాజ్. అంటే వచ్చిన పిల్లని క్లాసుకి పంపాలా, ఇంటికా, ఆసుపత్రికా అని తేల్చడం. ఎక్కువమందిని క్లాసుకే పంపుతాం. వాళ్ళు మమ్మల్ని జన్మలో క్షమించరు.

ఆ నెలలోనే స్కూల్ మేనేజింగ్ కమిటీ ఎన్నికలొచ్చాయి. తల్లిదండ్రుల్లోంచి తల్లిదండ్రులే ఎన్నుకునే కమిటీ అది. ఫీజులు, బడ్జెట్, బిల్డింగులు చూసుకుంటుంది. జీతం లేదు, భత్యం లేదు. అయినా వాట్సాప్ గ్రూపుల్లో జరిగిన యుద్ధం చూస్తే గెలిచినవాళ్ళకి ఒక చమురు బావి రాసిస్తారేమో అనిపించేది. ఒకాయన ఫీజులు తగ్గిస్తానని, టీచర్ల జీతాలు పెంచుతానని ఒకే వాక్యంలో మాటిచ్చాడు. ఇంకొకాయన మన పిల్లలందరికీ ఫస్ట్ ర్యాంకు తెప్పిస్తానన్నాడు. అందరూ ఫస్టొస్తే సెకండు ఎవరొస్తారని ఒక్కరూ అడగలేదు.

మూడో అభ్యర్థి శ్రీధర్ గారు. వరంగల్ మనిషి, ఆయిల్ సర్వీస్ కంపెనీలో ఇంజినీరు. పోయినసారి కూడా కమిటీలో ఉన్నారు కాబట్టి చూపించడానికి ఆయన దగ్గర ఒక వస్తువుంది. బాలికల విభాగంలో కట్టించిన కొత్త బాత్రూమ్‌లు. తెల్లటి టైల్స్, చెయ్యి పెడితే నీళ్ళొచ్చే కుళాయిలు, నిలువుటద్దాలు. ఆయన పోస్టర్లన్నిటిలోనూ అవే. ఓట్లడిగే మనిషి బాత్రూమ్ ముందు చేతులు కట్టుకుని గంభీరంగా నిలబడటం నేను చూడ్డం అదే మొదలు. ఇంకో పోస్టరులో వాళ్ళమ్మాయి మేఘన. టెన్త్ క్లాస్ టాపర్.

ఒక గురువారం క్లాసులయ్యాక ఆడిటోరియంలో అభ్యర్థుల సభ పెట్టారు. పాటలు పాడటానికి టెన్త్ అమ్మాయిల్ని ఇళ్ళకి పంపకుండా ఆపేశారు. స్వాగతం చెప్పేది మేఘన. నేను వీల్‌చెయిర్‌తో సహా పక్క తలుపు దగ్గర డ్యూటీలో ఉన్నాను.

మేఘన రెండు వాక్యాలు చెప్పి ఆగింది.  సినిమాల్లోలాగా దబ్బున పడిపోలేదు. మైకు జాగ్రత్తగా స్టాండులో పెట్టి, కుర్చీ వెతుక్కుని, నీళ్ళ బాటిల్ పక్కన పెట్టుకుని మరీ కూలబడింది. టాపర్ కదా.

జనంలో వీల్‌చెయిర్ కదలక అక్కడే వదిలేసి, వాళ్ళమ్మా నేనూ చెరోవైపు పట్టుకుని బాటిల్‌తో సహా నా గదికి తీసుకొచ్చాం. ఒళ్ళు కాలిపోతోంది, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. వీపు వైపు, పక్కటెముకల కింద చెయ్యి ఆనిస్తే అరిచింది. దీన్ని ఫ్లాంక్ పెయిన్ అంటాం. చలిజ్వరం, ఈ నొప్పి, యూరిన్‌లో మంట, ఈ మూడూ కలిస్తే కిడ్నీదాకా ఇన్ఫెక్షన్ పాకిందేమోనని భయపడాలి. మంట ఉందా అని అడిగితే తలూపింది. వారం నుంచీ ఉందట.

వాళ్ళమ్మ కారు తేవడానికి పరిగెత్తింది. సభకొచ్చిన బళ్ళన్నీ గేటుకి అడ్డంగా ఉన్నాయి. ఎంతసేపు పడుతుందో తెలియదు.

"నీళ్ళు సరిగా తాగుతున్నావామ్మా?"

"తాగుతున్న సిస్టర్."

ఆ ప్రశ్నకి లేదని చెప్పిన పిల్లని నేనింతవరకూ చూడలేదు. పక్కనున్న స్టీలు బాటిల్ చేత్తో ఎత్తాను. బరువుగా ఉంది. పొద్దున్న ఇంట్లో నింపింది నింపినట్టే ఉంది.

"మరిదేంటి? దీన్ని రోజూ ఊరేగింపుకి తీసుకొస్తున్నావా?"

"తాగితే పోవాలె కద సిస్టర్."

"వెళ్తే ఏవైందీ? మీ నాన్నగారు మహల్లాంటివి కట్టించేరుగా!"

"వాటికి తాళం."

జోకేమో అనుకుని నవ్వేశాను. ఆ పిల్ల నవ్వలేదు. వేసవి సెలవులయ్యి స్కూలు తెరిచినప్పటి నుంచీ తాళమేనట. పాత బాత్రూమ్‌ల తలుపులకి గడియలు సరిగా లేవు, బ్రేక్‌లో క్యూ కదలదు, క్లాసు మధ్యలో అడిగితే టీచర్లు "టెన్త్‌లో ఉన్నావ్, గుర్తుందా?" అంటారు. అందుకని పిల్లలే ఒక ఉపాయం కనిపెట్టారు.

"మా క్లాసుల ఎవ్వరు నీళ్ళు తాగరు సిస్టర్. ఇంటికి పోయినంకనే."

దమ్మామ్‌లో సెప్టెంబరంటే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టు ఉంటుంది. ఆ ఎండలో, నా గదికి నాలుగు గోడల అవతల, ఒక క్లాసు క్లాసంతా మాట్లాడుకుని మరీ నీళ్ళు మానేసింది. 

అప్పుడే, బయట పార్కింగ్‌లో ఓటర్లని పలకరిస్తున్న శ్రీధర్ గారు కబురందుకుని పరిగెత్తుకొచ్చారు. కోటుకి అభ్యర్థి బ్యాడ్జి.

"ఏమైంది బిడ్డా? పొద్దున మంచిగనే ఉంటివి కద!"

కిడ్నీ ఇన్ఫెక్షన్ అనుమానమని, ఆసుపత్రిలో చేర్చాలని, నీళ్ళ సంగతి, తాళం సంగతి చెప్పాను. ఆయన మొహం ఎర్రబడిపోయింది.

"తాళమా? ఆడపిల్లల బాత్రూములకు తాళమేసిన బేవకూఫ్ ఎవడు?"

తడిగుడ్డ పట్టుకుని లోపలికొస్తున్న ఖైరూన్ ఆపా గుమ్మంలో ఆగిపోయింది. కడపామె, బాలికల విభాగంలో క్లీనింగ్ అంతా ఆమెదే.

"మీరే గదా సార్ ఏయమనింది!"

"నేనా?"

"ఓట్లయ్యేదాంకా ఎవుర్నీ పోనీయొద్దు ఆపా, సూసేకొచ్చేవాళ్ళకు తళతళ మెరుస్తా ఉండాల అని చెప్తిరి గదా."

"అరె, ఫోటోలు తీసే ఒక్కదినం కోసం అన్న!"

"ఒక్కదినమని నాకెవురు చెప్పినారు సార్? ఓట్లయ్యేదాంకా అంటిరి. యాడైనాయి ఓట్లు?"

ఆమె కొంగున కట్టుకున్న తాళంచెవి విప్పి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తేలు పడ్డట్టు చూశారు. కూతురి వైపు తిరిగారు.

"నువ్వన్న చెప్పకపోతివి బిడ్డా?"

మేఘన కళ్ళు తెరవకుండానే చెప్పింది. "నీ పోస్టర్లల్ల అవే ఉన్నయ్ కద డాడీ. ఖరాబైతే నువ్వు ఓడిపోతవని."

ఖైరూన్ ఆపా చేతిలోని తడిగుడ్డ తీసుకుని ఆ పిల్ల నుదుటి మీద వేశాను. 

ఆయన తాళంచెవితో బయటికి నడిచారు. ఖైరూన్ ఆపాని పిల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆడిటోరియంలో వదిలేసిన వీల్‌చెయిర్ కోసం నేనూ బయల్దేరాను. ఆయన వెళ్ళి తాళం తీశారు. అటునుంచటు ఆడిటోరియంలోకి వెళ్ళి వేదికెక్కారు. రాజీనామా, కన్నీళ్ళు, క్షమాపణలు ఉంటాయేమో అనుకున్నాను. ఒకాయన బడ్జెట్ మీద మాట్లాడుతున్నాడు.

"అన్నా, ఒక్క నిమిషం," అని శ్రీధర్ గారు మైకు తీసుకున్నారు. "కొత్త బాత్రూములు తెరిచినం. ఆడపిల్లలు పోయి రావచ్చు."

అంతే. దిగిపోయారు.

వేదిక పక్కన పాటకి వరసలో నిలబడ్డ అమ్మాయిలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ముందు నడిచారు. తర్వాత పరిగెత్తారు. పూలగుత్తులు పట్టుకున్నవాళ్ళు గుత్తులు కింద పెట్టి పరిగెత్తారు. అప్పటిదాకా ఫీజుల మీద అరుచుకుంటున్న తల్లిదండ్రులు నోళ్ళు తెరుచుకుని తలుపు వైపే చూస్తున్నారు. ఏం జరిగిందో ముందు తల్లులకి అర్థమైంది. బడ్జెట్ ఆయన గొంతు సవరించుకుని, "ఇక విద్యార్థుల విజయాల గురించి..." అని మొదలుపెట్టాడు. హాల్లో విద్యార్థి అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

కారొచ్చిందని కబురొచ్చింది. వీల్‌చెయిర్‌లో మేఘనని తోసుకొస్తుంటే కొత్త బాత్రూమ్‌ల ముందు పెద్ద క్యూ.

"సిస్టర్, ఆపుండ్రి. నేను గూడ పోత."

క్యూలోంచి ఒక పిల్ల అరిచింది. "జరుగుండ్రే! వాళ్ళ డాడీవే కదా, దాన్ని ముందు పోనియ్యుండ్రి!"

అందరూ నవ్వారు. ఆ జ్వరంలో మేఘన కూడా నవ్వింది.

ఆసుపత్రిలో కొన్నాళ్ళు సెలైన్‌లో యాంటీబయాటిక్స్ ఎక్కించారు. కిడ్నీకి శాశ్వతంగా దెబ్బేమీ తగల్లేదని డాక్టరు చెప్పాక వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. శ్రీధర్ గారు ఎన్నికల్లో ఓడిపోయారు. తాళం వేయించినందుకు కాదు. తీశాక పిల్లలు వాడిన బాత్రూమ్ నేల తడిగా ఉంటే, దాన్నెవరో ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టారు. "ఇదేనా అభివృద్ధి?" అని రాశారు. నాకు ఆ తాళంకన్నా ఇదే పెద్ద షాకు.

ఈ కేసు తర్వాత నేను పిల్లల్ని నీళ్ళు తాగావా అని అడగడం మానేశాను. బాటిల్ ఎత్తి చూస్తాను. మధ్యాహ్నానికి అది బరువుగా ఉంటే, పిల్లకి ఏముందో చూడకముందే బాత్రూమ్‌కి ఏమైందో చూసొస్తాను.

ఆ ఏడాదంతా మేఘన సాయంత్రం బస్సెక్కే ముందు నా కిటికీ దగ్గర ఆగకుండానే బాటిల్ తలకిందులుగా పట్టుకుని ఊపేది. ఒక్క చుక్క కూడా రాలేది కాదు. వెనకే ఇంకో నలుగురు, వాళ్ళ బాటిళ్ళూ తలకిందులే.