బస్సు ఆయా చెప్పిన సాక్ష్యం

నిజామాబాద్ నుంచి ఒమన్‌లోని సీబ్ వచ్చి మా పాపను ఒకటో తరగతిలో వేసినప్పుడు దానికి తెలుగు తప్ప మరో మాట రాదు. బాత్‌రూమ్‌కు వెళ్తానని ఎలా అడగాలో తెలియక ఒకరోజు క్లాసులోనే బట్టలు తడుపుకుంది. ఆ రోజు నుంచి ఇంట్లో తెలుగు మాట్లాడొద్దన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషు కొంచెమే. కథలు చెప్పడం మానేశాను. పిల్ల ఇంట్లోనూ మూగదైంది.

రెండు నెలలకు టీచర్ నన్ను పిలిపించారు. పాప కూడా పక్కనే ఉంది. ఆమెది కేరళ. పాప ఏం అడిగినా పలకడం లేదని, వచ్చే ఏడాది మళ్ళీ ఒకటిలోనే ఉంచుదామని హిందీలో మెల్లగా చెప్పారు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే ఎవరో పిల్ల బస్సులో మరిచిపోయిన నీళ్ళ బాటిల్ ఇవ్వడానికి బస్సు ఆయా వచ్చింది. కడప నుంచి వచ్చిన ముస్లిం ఆవిడ. మా మాటలు విని ఆగిపోయింది. బస్సెక్కితే ఈ పిల్ల నోరు మూతపడదని టీచర్‌కు హిందీలో చెప్పి, పాప ముందు కూర్చుంది.

"ఏం పాపా, పొద్దున నాకు చెప్పినావే పిల్లి కత, మేడంకు గూడా చెప్పు."

పాప నా వైపు భయంగా చూసింది. తల ఊపాను.

"మా బిల్డింగ్ కింద పిల్లికి మూడు పిల్లలైనయి. ఒకటి ఏసీ డబ్బా ఎన్క ఇరుక్కున్నది. డాడీ తీస్తుంటే తల్లిపిల్లి ఆయన చెయ్యి గీరింది!"

ఆయా ఒక్కో మాటా హిందీలో చెబుతోంది. మరి ఇరుక్కోకుండా ఎన్ని మిగిలాయని టీచర్ అడిగించారు.

"రెండు," అంది పాప వెంటనే.

టీచర్ నవ్వి, పాపను మళ్ళీ ఒకటిలోనే ఉంచాలని రాసిన కాగితం సొరుగులో పెట్టేశారు. "ఇంట్లో మీ భాషలోనే కథలు చెప్పండి. ఇంగ్లీషు సంగతి నేను చూసుకుంటాను," అన్నారు. మరునాడు బాత్‌రూమ్‌కు ఎలా అడగాలో ముందు నేర్పారు. రోజూ బొమ్మలు చూపించి, తెలుగులో చెప్పినా ఒప్పుకుని, ఆ మాటే ఇంగ్లీషులో పలికించేవారు.

మరుసటి వారం బస్సు దగ్గర ఆయా చేతులు పట్టుకున్నాను. "మీ మేలు మర్చిపోనక్కా," అన్నాను.

"నేనేం చేసినానమ్మా, చెవులారా విన్నదే చెప్పినా," అంది.

పాప ఇప్పుడు మూడో తరగతి. మొన్న క్లాసులో లేచి నిలబడి ఇంగ్లీషు పాఠం పేజీ మొత్తం చదివిందట. రెండుచోట్ల తడబడిందని తనే చెప్పింది. రాత్రిళ్ళు మాత్రం కథ తెలుగులోనే అడుగుతుంది. ఆ ఆయానూ, ఆ టీచర్‌నూ తలుచుకోకుండా నేను ఏ కథా మొదలుపెట్టలేను.