తలకిందుల మూడు

నా చిన్నప్పుడు మా ఎస్టేటు గేటు దగ్గర ఫుట్‌బాల్ బంతిని కూడా సోదా చేసేవాళ్లు. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. నవ్వనీ. నేను పుట్టింది మలయా దేశంలో, సుంగై సిపుట్ ఊరి దగ్గర ఒక రబ్బరు తోటలో. అడవిలో తుపాకులు పట్టుకుని తిరుగుతున్నవాళ్లకి మేము అన్నం పెడుతున్నామని తెల్లవాళ్ల సర్కారుకి అనుమానం. అందుకని కూలి లైన్లన్నిటినీ, అంటే మా ఇళ్ల వరసల్ని, ఒకచోటికి చేర్చి చుట్టూ ముళ్లకంచె వేశారు. ఆ రోజుల్ని ఎమర్జెన్సీ అనేవాళ్లు. నాకు ఊహ తెలిసేసరికే కంచె ఉంది, అందుచేత ఊరంటే కంచె లోపలే ఉంటుందని అనుకునేదాన్ని. పొద్దున్నే పాల కోసం రబ్బరు చెట్లు గీయడానికి వెళ్లే మా అమ్మానాన్నల బకెట్లు, బుట్టలు గేటు దగ్గర తడిమి చూసేవాళ్లు. ఒక్క బియ్యం గింజ బయటికి పోకూడదు. బంతి పట్టుకెళ్తే దాని లేసు విప్పించి, లోపల వేలు పెట్టి మరీ చూసేవాడు కాపలావాడు.

కంచె వేసినవాళ్లు మా ఆటస్థలాన్ని సగానికి కోసేశారు. ఒక గోలు లోపల మిగిలింది, రెండోది బయట లాలాంగ్ గడ్డిలో కూరుకుపోయింది. ఆ మిగిలిన సగంలోనే మా తాతయ్య, అంటే మా అమ్మకి నాన్న, ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టాడు. క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బంతి, పొద్దున్నంతా చెట్లు గీసి, పాలు దించి వచ్చిన పదకొండుమంది మగవాళ్లు, అరవడానికి తాతయ్య. ఆయనకి ఆట రాదు, ఒక మోకాలు వంగేది కాదు. అయినా ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగితే, "కంచెలో కట్టేస్తే మనిషి గొడ్డయిపోతాడు. గొడ్డు బంతాడదు గదా, అదొక్కటే తేడా మిగిలింది," అనేవాడు.

తాతయ్యకి తెలుగు రాయడం, చదవడం వచ్చు. సాయంత్రాలు మగపిల్లల్ని కూర్చోబెట్టి ఇసుకలో అక్షరాలు దిద్దించేవాడు. ఆడపిల్లల్ని పిలిచేవాడు కాదు. ఆయన మంచివాడే, నేనంటే ప్రాణం పెట్టేవాడే, కానీ ఉన్నమాట చెప్పుకోవాలి కదా. ఆ ఇసుక పక్కన తమ్ముణ్ణి చంకనేసుకుని నిలబడి చూసేదాన్ని. ఏ గీత ఏ అక్షరమో తెలిసేది కాదు.

నాకు తొమ్మిదేళ్లు వచ్చిన ఏడాది మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. తెల్లవాళ్లు జెండా దించేస్తారట, దేశం మనదవుతుందట అని లైన్లలో మాటలు. మా కంచె మాత్రం ఇంకా తీయలేదు. అయితే ఆ సంబరాలకి పట్నంలో చుట్టుపక్కల జట్లకి ఆటలు పెట్టారు, మా క్లబ్బుకీ పిలుపు వచ్చింది. ఒక పగలు పదకొండుమందీ, వెంట ఇద్దరూ బయటికి వెళ్లడానికి చీటీలిచ్చారు. ఒకటే షరతు, ప్రతి ఆటగాడి వీపు మీదా నంబరు ఉండాలి.

చొక్కాలు పిండి బస్తాల గుడ్డతో ఆడవాళ్లు కుట్టారు. నంబర్లకి తాతయ్య తన పాత గొడుగు విప్పి, ఆ నల్లగుడ్డ కత్తిరించాడు. ఒకటి నుంచి పదకొండు దాకా కత్తిరించాడు, అన్నీ తెలుగు అంకెలే. ఎస్టేటు ఆఫీసులో లెక్కలు రాసే కిరాణి అది చూసి తల కొట్టుకున్నాడు, ఇంగ్లీషు నంబర్లు వేయవయ్యా అని. తాతయ్య వినలేదు. "నంబరు ఉండాల అన్నారు. ఏ బాసదో సెప్పనేదు," అన్నాడు. మొండితనం మా ఇంటి సొత్తు, నాకూ వచ్చింది.

కత్తిరించిన ప్రతి ముక్కనీ నా చేతికిచ్చి, ఇది ఒకటి, ఇది రెండు అని చెప్పేవాడు. నేను తీసుకెళ్లి అదే మాట చెప్పి అమ్మకి అందించేదాన్ని. అలా వాటి ఆకారాలు నా కంట్లో పడ్డాయి. నాలుగు మేక కొమ్ముల్లా ఉందనుకున్నాను. అమ్మ పది చొక్కాలు కుట్టేసరికి ఒళ్లు కాలిపోతూ జ్వరంతో పడుకుంది. మిగిలింది మూడో నంబరు, మా మావయ్యది. అమ్మకి తమ్ముడు, జట్టులో ఎడమవైపు కాపు కాసేవాడు. నాకు కుట్టడం వచ్చు. నేనే కూర్చుని, దగ్గర దగ్గరగా కుట్లు వేసి, చాలా గట్టిగా కుట్టాను. చొక్కా విదిలించి చూసుకుని మురిసిపోయాను. అది తలకిందులుగా ఉందని నాకేం తెలుసు?

మర్నాడు లారీ ఎక్కాం. అమ్మ లేవలేకపోయింది గనక నీళ్ల బిందె పట్టుకోవడానికని తాతయ్య నన్ను ఎక్కించాడు. పట్నం పాడాంగ్‌కి చేరేసరికి ఎండ మాడుతోంది. ఆ మైదానానికి చుట్టూ కంచె లేదు. నేను దాన్నే చూస్తూ నిలబడిపోయాను.

ఎదుటి జట్టు పట్నం తమిళవాళ్లది. మావాళ్ల వీపులు చూడగానే వాళ్ల నాయకుడు పకపకా నవ్వాడు. "ఎన్నడా ఇదు, ముదుగులే మురుక్కా?" అన్నాడు. వీపు మీద జంతికలు అంటించుకొచ్చారా అని. మావయ్య ఊరుకునే రకం కాదు. "ఆకలేస్తందేటి? ఆటయినాక పెడతాం లే, ఆగు," అన్నాడు.

రిఫరీ నవ్వలేదు. ఆయన సిక్కు పోలీసు ఆఫీసరు, మేమందరం బాయి అని పిలిచేవాళ్లం. ఒక్కొక్క వీపూ చూసుకుంటూ వచ్చి తాతయ్య ముందు ఆగాడు. "ఇని అపా?" అన్నాడు, ఇదేమిటని మలయ్‌లో. తాతయ్య మా అంకెలని చెప్పాడు. బాయి మొహం ఇంకా ముడుచుకుంది. ఆ రోజుల్లో తెలియని రాత ఎవరి దగ్గరైనా కనబడితే అడవిలో తుపాకులవాళ్లకి పంపే గుర్తులనేవాళ్లు. మా లైన్లలో ఒకాయన్ని జేబులో దొరికిన చీటీ కోసం నాలుగు రోజులు స్టేషన్లో ఉంచారు, చివరికి అది పెళ్లి ముహూర్తం రాసిన చీటీ అని తేలింది. ఇప్పుడు పదకొండుమంది, ఒక్కో వీపు మీద ఒక్కో గుర్తు. ఆట పోతే పోయింది, మావాళ్లు ఇంటికి వస్తారా అన్నది నా భయం.

బాయి తెలివైనవాడు. ముందు తాతయ్య చేత ఎవరిది ఏ నంబరో చెప్పించుకుని తన పుస్తకంలో రాసుకున్నాడు. తరువాత మావాళ్లని కలగలిపి నిలబెట్టి, వీపులు ఇటు తిప్పించాడు. మీ మనిషి ఇంకెవరైనా వచ్చి చదవాలి, రెండూ కలిస్తే ఇది రాత, కలవకపోతే నాటకం అన్నాడు. ఆటగాళ్లు కాకుండా అక్కడ ఉన్న మా మనిషిని నేనొక్కదాన్నే.

తాతయ్య నా వైపు చూశాడు. నాకు అక్షరం రాదని ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు? అయినా చెయ్యి ఊపి పిలిచాడు. "ఓలే గుంటా, నువ్వే గదా నిన్న మోసుకెళ్లి ఇచ్చినావు. సూసింది సూసినట్టు సెప్పు, అంతే," అన్నాడు.

బిందె దించి వెళ్లాను. మలయ్ లెక్క నాకు వచ్చు, కొట్టు దగ్గర నేర్చుకున్నదే. మొదటి వీపు చూసి "లిమా" అన్నాను. అయిదు. బాయి పుస్తకం చూసి తలాడించాడు. "దువా." రెండు. తరువాతిది ఆరు, "ఎనం" అన్నాను. అన్నీ కలుస్తున్నాయి. ఎదుటి జట్టువాళ్లు కూడా నవ్వడం మాని దగ్గరికొచ్చారు. చివరికి మావయ్య వీపు దగ్గరికి వచ్చాను.

అక్కడ ఉన్నది ఆరు. నా కుట్లే, నా గుడ్డే, కానీ అచ్చం ఆరులా ఉంది. మావయ్యది మూడని నాకు తెలుసు గనక "తిగా" అన్నాను. పుస్తకంలో కూడా మూడే ఉంది. కానీ బాయి కళ్లు ఊరుకుంటాయా? వెనక్కి వెళ్లి, ఆరో నంబరు మనిషిని రెక్క పట్టుకు తెచ్చి మావయ్య పక్కన నిలబెట్టాడు. రెండు వీపుల మీదా ఒకటే గుర్తు. ఒకదాన్ని ఆరంటావు, ఒకదాన్ని మూడంటావు, ఎవరు నేర్పారు నీకు ఈ పాఠం అన్నాడు.

అమ్మ కుట్టింది అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మ ఇంట్లో జ్వరంతో ఉంది, ఎవరూ ఏమీ అనరు. తాతయ్య నన్నే చూస్తున్నాడు, కోపంగా కాదు, నేనేం చెబుతానో నిజంగా తెలియనట్టు.

"నాను కుట్టినాను. తలకిందులుగా కుట్టేసినాను," అన్నాను. ఏడుపు వచ్చేసింది. "నాకు అచ్చరాలు రావు."

తాతయ్య గట్టిగా నవ్వేశాడు. నన్ను దగ్గరికి లాక్కుని, మావయ్యతో, "ఒరే, వొంగరా," అన్నాడు. మావయ్యకి అర్థం కాలేదు. "ఏటి నాన్నా?" "వొంగరా అంటే! నేలకేసి తల పెట్టు." మావయ్య వంగి, రెండు చేతులూ గడ్డి మీద ఆనించాడు. తాతయ్య బాయిని చెయ్యి పట్టుకుని మావయ్య తల వైపుకి తీసుకెళ్లి నిలబెట్టాడు. ఇప్పుడు చూడండి అన్నాడు. అక్కడి నుంచి చూస్తే అది ఆరు కాదు, చక్కగా నిలబడ్డ మూడు.

అప్పుడు తాతయ్య తన వచ్చీరాని మలయ్‌లో బాయితో చెప్పిన మాట నేను మరిచిపోలేదు. దొంగ గుర్తులైతే వాటికి తలకిందులు ఉండవు అయ్యా, ఎటు తిప్పినా గీతలే. తలకిందులైందంటే దానికి తల ఉందన్నమాట. ఈ పిల్ల తప్పు కుట్టింది గనకే ఇది రాత అని తేలింది అన్నాడు.

బాయి కాసేపు మావయ్యని, కాసేపు ఆరో నంబరు మనిషిని చూశాడు. గడ్డంలో చిన్నగా నవ్వు కదిలింది. పుస్తకంలో మూడు పక్కన ఆ ఆకారాన్ని పెన్సిలుతో తానూ గీసుకున్నాడు. "బోలె లా, బోలె," అన్నాడు. సరే, ఆడండి అని. వంగి ఉన్న మావయ్య కింద నుంచే, "ఇక లేవొచ్చా బాయీ? ఎన్ను పట్టేస్తంది," అన్నాడు. ఎదుటి జట్టువాళ్లు కూడా విరగబడి నవ్వారు.

ఆట మేము ఓడిపోయాం. ఒకటికి రెండు. అయితే ఆ ఒకటి కొట్టింది మావయ్య. కాపు కాసేవాడు బంతి తీసుకుని పరిగెత్తడం మొదలుపెట్టాడు, పరిగెత్తుతూనే ఉన్నాడు. ఎందుకాగలేదురా అని తరువాత అడిగితే, "కంచె ఎప్పుడొస్తాదా అని సూసినాను. రానేదు. గోలే వచ్చింది," అన్నాడు. ఏళ్ల తరబడి సగం నేల మీద ఆడినవాడు మరి.

ఇంటికొచ్చాక అమ్మ జ్వరంలోనే ఆ మూడు విప్పి తిరిగి కుడతానంది. తాతయ్య ఒప్పుకోలేదు. "ఉండనీ. అది పోలీసోళ్ల పుస్తకంలో రాసున్న నంబరు," అన్నాడు. అప్పటి నుంచి మా క్లబ్బులో మూడో నంబరు ఎప్పుడూ తలకిందులే. చొక్కాలు చిరిగి కొత్తవి కుట్టినా అంతే. కొత్త రిఫరీ వస్తే మూడో నంబరువాడు ముందు వంగి చూపించేవాడు. కంచె తీసేశాక రెండో గోలు గడ్డిలోంచి తవ్వి నిలబెట్టారు. రబ్బరు కొట్టేసి పామాయిలు చెట్లు వేశాక ఎస్టేటువాళ్లం తలోదిక్కుకీ వెళ్లాం, నేను బంటింగ్ అనే ఊరికి వచ్చాను. ఆ మూడు కూడా మాతో వచ్చింది.

తాతయ్య నాకు ఆ తరువాతైనా అక్షరాలు నేర్పాడా అని అడుగుతారు. సాయంత్రం ఇసుక దగ్గర నాకు చోటు పెట్టాడు, పది అంకెలూ దిద్దించాడు. అక్షరాల దాకా రాకముందే నేను అమ్మతో చెట్ల కిందికి పనికి పోవాల్సి వచ్చింది. యాభై నాలుగో ఏట గుడి హాల్లో తెలుగు తరగతి పెడితే వెళ్లి కూర్చున్నాను. పక్కన చిన్నపిల్లలు నవ్వారు. నాకు సిగ్గు వేయలేదు. మొదటి నెలంతా నా "ఆ"లు, "అ"లు అటూ ఇటూ అయ్యేవి. తప్పు పడిందంటే రాస్తున్నాననే కదా అనుకుని, చెరిపి మళ్లీ రాసేదాన్ని. ఇది కూడా అలాగే రాశాను.

పోయిన నెల నా మనవరాలు స్కూలు ఆడపిల్లల జట్టులో చేరింది. దానికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడ్డం తక్కువ. కొత్త జెర్సీ తెచ్చి నా ఒళ్లో పడేసింది. కాలరు కింద వేలు పెట్టి చూపించి, "అమ్మమ్మా, ఇక్కడ స్మాల్‌గా మన మూడు కుట్టు లా," అంది. నేరుగానా అని అడిగాను. "అయ్యో, మన మాదిరి లా!" అంది.

కళ్లద్దాలు పెట్టుకుని, పాత గొడుగు గుడ్డ ముక్క వెతికి, కూర్చుని కుట్టాను. తొమ్మిదేళ్లప్పుడు చదవడం రాక తలకిందులుగా కుట్టాను. ఈసారి చదువుకుని, తెలిసే తలకిందులుగా కుట్టాను. దారం కొరికి చూసుకుంటే, కుట్లు అప్పటి కంటే కాస్త వంకరగా పడ్డాయి. విప్పలేదు.