పాప చెవుల్లో దూది

ఆ ఆస్ట్రేలియా బ్యాండ్‌ని మొదట యూనివర్సిటీ రేడియోలో విన్నాను. అప్పుడు ఎం.ఎస్. చేస్తున్నాను. పెద్ద కంపెనీలు వద్దంటే ఆ నలుగురూ తమ రికార్డు తామే వేసుకుని, వ్యాన్‌లో ఊరూరా తిరిగి అమ్ముకున్నారట. తర్వాత లండన్ చేరారు. డ్రమ్మర్ మానేశాడు. రెండో రికార్డు ఎవరికీ పట్టలేదు. అయినా మూడోది చేశారు. ఈలోపు నాకు పెళ్లయింది, ట్రాయ్ అనే ఊరికి వచ్చాను, పాప పుట్టింది.

శనివారం మధ్యాహ్నం మా దగ్గరి రికార్డుల షాపులో వాయిస్తారని, ఈ టూర్ తర్వాత విడిపోతున్నారని రేడియోలో చెప్పారు. అదే రోజు తెలుగువాళ్ల పాట్‌లక్ పార్టీ, తలా ఒక వంటకం తేవాలి. నా వంతు పులిహోర.

"తల్లివయ్యాక కూడా ఈ బ్యాండ్లేంటి?" అన్నారు మా ఆయన.

"తండ్రయ్యాక మీరు పేకాట మానేశారా?"

"అది సోషలైజ్ చేయడం!"

మాతో ఉండటానికి వచ్చిన అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "పసిదాన్ని ఆ మోతలోకి తీసుకెళ్తావా? చెవులు ఉంటాయా దానికి?"

నా భయమూ అదే. ఆ మాట ఆవిడతో అనలేదు. డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగాను. స్పీకర్లకి దూరంగా, కాసేపే అన్నాడు. పొద్దున్నే పులిహోర కలిపి ఆయన కార్‌లో పెట్టాను. పాప చెవుల్లో దూది పెట్టి, జూలై ఎండలో ఉన్ని టోపీ తొడిగాను.

షాపులో పట్టుమని పాతిక మంది లేరు. పాట పాడేవాడికి జుట్టు పలచబడింది. ఆ కాస్త మందినీ ఒకసారి చూసి, హాలు నిండినట్టే మొదలుపెట్టాడు. నేను తలుపు దగ్గర నిలబడి పాప గుండె మీద చెయ్యి తీయలేదు. అది నా చంకలో టోపీ తాడు నములుతూ కూర్చుంది.

అయిపోయాక ఆ పాడినతనే దగ్గరికొచ్చి, పాపని చూస్తూ, "ఈవిడకి నచ్చిందా?" అన్నాడు.

"ఏడవలేదు."

"మాకొచ్చిన రివ్యూల్లో ఇదే బెస్ట్."

ఇంటికొచ్చేసరికి, అలిగి పార్టీకి వెళ్లని అత్తగారు ఉప్పూ ఎండుమిరపకాయలతో సిద్ధంగా ఉన్నారు. పాపకి దిష్టి తీసి వాటిని వేడి పెనం మీద పడేశారు. పొగకి స్మోక్ అలారం కుయ్యోమంది. అంతసేపూ గిటార్లకి కదలని పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

"చూశావా ఎంత దిష్టి తగిలిందో!" అన్నారు ఆవిడ దగ్గుతూ.

నేను తువ్వాలుతో అలారం కింద విసురుతుండగా మా ఆయన వచ్చారు.

"అందరూ అడిగారు. నీకు తలనొప్పి అని మేనేజ్ చేశాను."

తువ్వాలు ఆయన చేతిలో పెట్టి, పార్టీ ఇచ్చిన ఆవిడకి ఫోన్ చేశాను.

"అక్కా, నాకు తలనొప్పేం లేదు. పాపని తీసుకుని రాక్ బ్యాండ్ చూడ్డానికి వెళ్లాను."

 అవతల ఎవరివో గాజుల చప్పుడు.

"చెవుల్లో దూది పెట్టావా?" అంది అక్క.

"పెట్టాను."

"సరే అయితే. ఈసారి నాకూ చెప్పు."