ఆషాఢంలో కొన్న కారు

అమీర్‌పేట చౌరస్తాలో షేర్ ఆటో కోసం నిలబడ్డప్పుడు ఏ కారులోంచైనా హారన్ వినపడితే నేను తల తిప్పేదాన్ని కాదు. తిప్పితే అందులో నా పాత స్టూడెంటే ఉంటాడు. "మేడమ్, ఎక్కడైనా దింపమంటారా?" అంటాడు. రెండేళ్ళ కిందట మా ఇన్‌స్టిట్యూట్‌లో చివరి బెంచీలో కూర్చుని, జావా అంటే జ్వరం తెచ్చుకున్నవాడు ఇప్పుడు ఏసీ వేసుకుని నా మీద జాలిపడేవాడు. నేను చెప్పిన పాఠాలతో వాళ్ళు ఉద్యోగాలు తెచ్చుకుని కార్లు కొన్నారు. నేను మాత్రం చాక్‌పీసు దుమ్ము దులుపుకుంటూ, ముగ్గురు కూర్చోవలసిన ఆటోలో ఐదో మనిషినై వెళ్ళేదాన్ని. అది అసూయ కాదని ఇన్నేళ్ళ తర్వాత అబద్ధం చెప్పను. అసూయే.

ఐటీ ఉద్యోగాలు మంచి ఊపు మీదున్న రోజులవి. అమీర్‌పేటలో గోడ రంగు కనపడకుండా కోర్సుల బ్యానర్లు ఉండేవి. పొద్దున ఆరున్నరకి ఒక బ్యాచ్, సాయంత్రం ఏడింటికి ఇంకో బ్యాచ్ చెప్పి గొంతు పోగొట్టుకునేదాన్ని. నేనూ మా తమ్ముడూ మధురానగర్‌లో ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళం. వాడు నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. తెనాలిలో డిగ్రీ అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. కోర్సులో నేనే చేర్పించాను, ఫీజు నేనే కట్టాను. వాడి రెజ్యూమె నేనే రాశాను. ఇంటర్వ్యూకి ఏ చొక్కా వేసుకోవాలో కూడా నేనే చెప్పేదాన్ని. పదకొండు ఇంటర్వ్యూలకి వెళ్ళాడు, ఒక్కటీ రాలేదు. పన్నెండోదానికి వెళ్ళనంటే రెండు రోజులు వాడితో మాట్లాడటం మానేశాను. నాకు కోపం వస్తే అరవను, వంట చేసి మూతపెట్టి నా గదిలోకి వెళ్ళిపోతాను. దానికంటే అరవడమే నయమని వాడు అంటుంటాడు.

మూడో రోజు వాడే వచ్చి, పంజగుట్టలో ఒక కార్ల షోరూమ్‌లో ఉద్యోగం చూసుకున్నానని చెప్పాడు. కారు కొనడానికి వచ్చినవాళ్ళకి అక్కడికక్కడే అప్పు ఇప్పించే ఫైనాన్స్ కౌంటర్. ఆరు నెలలు చూసి, నచ్చితే పర్మినెంట్ చేస్తారట. "టై కట్టుకుని వడ్డీ వ్యాపారం చేస్తావా?" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. నేను చూసిపెట్టకుండా వాడికి దొరికిన మొదటి పని అది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

వాడు చేరిన ఐదో నెలలో నేను కారు కొనాలని తేల్చుకున్నాను. చిన్న కారే, వెండి రంగుది. చేతిలో ఉన్నది పోను మిగతాది లోను పెట్టుకోవాలి. ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాళ్ళంటే బ్యాంకులకి నమ్మకం తక్కువ. కానీ నేను నాలుగేళ్ళుగా వదలకుండా టాక్స్ రిటర్నులు వేసిన మనిషిని. ఫైలంతా పద్ధతిగా పెట్టుకుని బ్యాంకుకి వెళితే, మూడు వారాలు తిప్పించుకున్నా చివరికి లోను ఇస్తామని ఉత్తరం ఇచ్చారు. దాన్ని బీరువాలో చీరల కింద దాచాను. కారు మాత్రం తమ్ముడి షోరూమ్‌లోనే తీసుకుందామని, ఒక మధ్యాహ్నం క్లాసుల మధ్య ఖాళీలో పంజగుట్ట వెళ్ళాను.

వాడు ఆ సమయానికి రిజిస్ట్రేషన్ పని మీద బయటికి వెళ్ళాడు. వాడి మేనేజరు, నలభై దాటిన మనిషి, నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. నేను ఎవరో తెలిశాక కాస్త ఇబ్బందిగా కదిలాడు.

"మీ తమ్ముడు మస్తు మంచోడు మేడమ్. గని ఆ మంచితనంతోనే పరేషాన్ అయితున్నది," అన్నాడు. "జీతమొచ్చెటోళ్ళు ఎవరొచ్చినా, మీకు బ్యాంకుల వడ్డీ తక్కువ పడ్తది, గక్కడికే పోండ్రి అని చెప్తుండు. వాళ్ళు సుత దండం పెట్టి లేచి పోతుండ్రు."

"అయితే ఏమవుతుంది?"

"నెలాఖరుకు లెక్క చూస్తరు మేడమ్. ఇంకొక్క లోను ఫైలు పడితే చాలు, పర్మినెంట్ చేపిస్త. ఒక్కటి తక్కువైనా పైవాళ్ళు ఉంచరు. ఆషాఢం గదా, కార్లు కొనెటోళ్ళే లేరు."

నాకు ఒళ్ళు మండింది. కూర్చున్న కొమ్మనే నరుక్కుంటున్నాడు వెధవ అనుకున్నాను. ఆ మంట చాయ్ చల్లారేలోపే దిగిపోయి, దాని చోట భయం వచ్చి కూర్చుంది. పదకొండు సార్లు తల వంచుకుని ఇంటికి వచ్చినవాడు. ఇది కూడా పోతే మళ్ళీ ఆ మొహం చూడలేను. ఒక్క ఫైలే కదా కావలసింది, ఆ ఒక్కటీ నాదే ఎందుకు కాకూడదు? బ్యాంకు కంటే ఎంత ఎక్కువవుతుందో చూసుకుంటే, మొత్తం మీద నా నెలన్నర జీతం. ఆ మాత్రం ఖర్చు వాడి మీద ఇదివరకు పెట్టలేదా ఏమిటి. అక్కడే ఫైనాన్స్ ఫారం అడిగి తీసుకుని, చూపించినచోటల్లా సంతకాలు పెట్టాను. వాడికి ఇప్పుడే చెప్పొద్దని మేనేజరుకి మరీ మరీ చెప్పి ఆటో ఎక్కాను. ఆ రోజు సాయంత్రం బ్యాచ్‌కి పాఠం చాలా ఉత్సాహంగా చెప్పాను.

మర్నాడు తమ్ముడు ఫోన్ చేసి, క్లాసు అవగానే పంజగుట్టలో ఇరానీ హోటల్‌కి రమ్మన్నాడు. ఇంట్లో మాట్లాడుకోవచ్చు కదా అంటే వద్దన్నాడు. ఇంట్లో నా మాటే నెగ్గుతుందని వాడికి తెలుసు.

నేను వెళ్ళేసరికి రెండు చాయ్‌లు, బిస్కట్లు చెప్పి కూర్చుని ఉన్నాడు. నా ఫారం తీసి కప్పుల మధ్య పెట్టాడు.

"ఇది నీ సంతకమేనా?"

"నాదే."

"బ్యాంకు ఉత్తరం బీరువాలో చీరల కింద ఉంది. ఇస్త్రీ బట్టలు సర్దుతుంటే చూశాను."

"ఉంటే ఉండనీ. నా కారు, నా ఇష్టం."

వాడు జేబులోంచి పెన్ను తీసి ఫారం వెనక రెండు గళ్ళు గీశాడు. "మా బోర్డు మీద ఎనిమిది శాతం అని ఉంటుంది, బ్యాంకులో పదకొండు. చూడగానే మాదే తక్కువ అనిపిస్తుంది. కానీ నువ్వు నెలనెలా తీరుస్తున్నకొద్దీ బ్యాంకువాళ్ళు మిగిలినదాని మీదే వడ్డీ వేస్తారు. మావాళ్ళు మొదటి రోజు ఎంత ఇచ్చారో, చివరి నెల దాకా దాని మీదే వేస్తారు. అంటే నువ్వు తీర్చేసిన డబ్బుకి కూడా వడ్డీ కడుతూనే ఉంటావు."

"నాకే పాఠం చెబుతున్నావా? నీకు లెక్కలు నేర్పింది నేను."

"నువ్వు నేర్పినట్టే చెబుతున్నాను కదా."

నిజమే, రెండు గళ్ళు గీసి పక్కపక్కన పెట్టి చూపించడం నా అలవాటే. ఇప్పటికీ లోను గురించి నన్నెవరైనా అడిగితే వాడి నంబరు ఇస్తాను, ఇంతకంటే విడమరిచి చెప్పేవాళ్ళు నాకు కనపడలేదు. కానీ ఆ పూట ఒప్పుకోవాలనిపించలేదు. అంత అన్యాయమైతే ఆ కౌంటర్‌లో ఎందుకు కూర్చున్నావని అడిగాను.

"అన్యాయమని నేననలేదు," అన్నాడు. "మొన్న కృష్ణానగర్ నుంచి ఒక మేకప్ ఆయన వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా సినిమాల్లో పని చేస్తున్నాడు, జీతం కాగితం ఒక్కటి లేదు. కారు కొని షూటింగులకి అద్దెకి తిప్పుకుందామని ఆశ. మూడు బ్యాంకులు తిరిగితే కూర్చోమన్నవాళ్ళు కూడా లేరట. నేను కూర్చోబెట్టి, వడ్డీ ఎక్కువని ముందే చెప్పి ఇప్పించాను. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ కౌంటర్ అలాంటివాళ్ళ కోసం అక్కా. నీ కోసం కాదు."

"ఒక్క ఫైలు తక్కువైతే తీసేస్తారటరా."

"తెలుసు."

"తెలిసీ?"

వాడు చాయ్ కప్పు పక్కకి జరిపాడు. గొంతు పెంచలేదు, నా మొహంలోకి కూడా చూడలేదు. "కోర్సు ఫీజు నువ్వే కట్టావు. చొక్కాలు నువ్వే కొన్నావు. నా ఉద్యోగం కూడా నువ్వే కొనిపెట్టకు అక్కా," అన్నాడు.

వాడికి ఇరవై నాలుగేళ్ళని, గడ్డం దగ్గర చిన్న గాటు పడిందని, ఆ టై ముడి ఎవరూ చెప్పకుండానే సరిగ్గా కట్టుకున్నాడని అప్పుడు చూశాను. ఇన్నాళ్ళూ వాడికి అన్నీ ఇస్తున్నాననుకున్నాను. ఇస్తూ ఇస్తూ ఏదో తీసేసుకుంటున్నానని నాకెప్పుడూ అనిపించలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరానీ హోటల్‌లో అందరి ముందూ ఏడవడం ఇష్టంలేక బిస్కట్ తిన్నాను.

ఫారం నా వైపు తోశాడు. "నువ్వే చింపు."

నాలుగు ముక్కలు చేసి బ్యాగులో వేసుకున్నాను. లేచేటప్పుడు వాడు ఒక్కటి అడిగాడు. "కారు మాత్రం ఈ నెలాఖరులోపే తీసుకో. శ్రావణం దాకా ఆగొద్దు."

ఈ సంగతి వినగానే తెనాలి నుంచి ఫోన్లో అమ్మ గోల పెట్టింది. ఆషాఢంలో బండి కొనేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా, పది రోజులు ఆగితే మీ సొమ్మేం పోయింది అంది. మామూలుగా అమ్మ మాటకి తలూపే తమ్ముడు ఈసారి గట్టిగా పట్టుబట్టాడు. ఆషాఢంలో షోరూమ్‌వాళ్ళు కాస్త తగ్గించి ఇస్తారు, దాని కోసమే అనుకుని నేనూ సరేనన్నాను. బ్యాంకులో సంతకాలు పెట్టాను. వారంలో చెక్కు వచ్చింది.

నెల చివరి రోజు సాయంత్రం నాలుగింటికి కారు తెచ్చుకోవడానికి వెళ్ళాను. షోరూమ్ ఖాళీగా ఉంది. నా కారొక్కటే గాజు తలుపుల దగ్గర, బంతిపూల దండతో, చక్రాల కింద నిమ్మకాయలతో నిలబడి ఉంది. ఎవరి పనులు వాళ్ళు ఆపి చుట్టూ చేరారు. తమ్ముడు ముందుకి వచ్చి, తాళాలున్న పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"కంగ్రాచ్యులేషన్స్ మేడమ్," అన్నాడు.

మేడమ్ అంటే నవ్వు వచ్చింది, గర్వంగానూ అనిపించింది. తాళం తీసుకుంటుంటే అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరు ఫోటో తీశాడు కానీ నా వైపు సరిగ్గా చూడలేదు. నేను స్టీరింగ్ ముందు కూర్చుని అద్దాలు సరిచేసుకుంటుంటే, తమ్ముడు అందరితోనూ చేతులు కలిపి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. కొత్త డ్రైవర్‌ని కదా, ఇంటిదాకా తోడు వస్తున్నాడనుకున్నాను.

"నీకు డ్యూటీ ఉందిగా, ఆరింటిదాకా?"

"అయిపోయింది."

నిమ్మకాయలు తొక్కించి రోడ్డెక్కాం. రెండు సార్లు బండి ఆగిపోయింది, వెనకాల బస్సువాడు హారన్ మోగించాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వాడు టై విప్పి, మడత పెట్టి, ముందున్న అర తెరిచి అందులో పెట్టాడు. రేపు పొద్దున మళ్ళీ కావాలి కదా, ఇంట్లోకి తీసుకురా అన్నాను. ఇక అవసరం లేదన్నాడు.

సిగ్నల్ మారింది. నేను కదల్లేదు. ఆ ఒక్క ఫైలు ఎవరిదో, అదెలా తప్పిపోయిందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

"మరి నెలాఖరులోపే తీసుకోమని ఎందుకు పట్టుబట్టావురా?"

"శ్రావణం దాకా ఆగితే నీకు తాళం ఇంకెవరో ఇచ్చేవారు కదా," అన్నాడు.

బండి ఎలా ముందుకి పోనిచ్చానో గుర్తు లేదు. గుర్తున్నదల్లా నా బుర్ర అప్పటికే పని మొదలుపెట్టేయడం. మా ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రంట్ ఆఫీసుకి మనిషి కావాలన్నారు, రేపు సార్‌తో మాట్లాడితే సోమవారం చేరిపోవచ్చు, నీలం చొక్కా ఉతికి ఉంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి గేరు మార్చాను.

"ఎటు వెళ్దాం?" అన్నాను. వాడిని ఆ ప్రశ్న నేను అంతకుముందు ఎప్పుడూ అడగలేదు.

"ముందు బంకుకి. కొత్త బండిలో అక్కడిదాకా వెళ్ళేంతే పోస్తారు."

అమీర్‌పేట వైపు మొదట కనపడిన బంకులోకి తిప్పాను. ఎంత పోయాలని అడిగితే, నేను నోరు తెరిచేలోపే వాడు దిగి, ట్యాంకు నింపమన్నాడు. జేబులోంచి కవరు తీశాడు. ఆ పూటే లెక్క తేల్చి చేతికిచ్చిన చివరి జీతం. మీటరులో అంకెలు తిరుగుతూనే ఉన్నాయి. వాడు తొందరేం లేకుండా కారు మీద చెయ్యి వేసి వాటినే చూస్తూ నిలబడ్డాడు.

నా పర్సు నా ఒళ్ళోనే ఉంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, తెరవకుండా కూర్చున్నాను.