పోస్టర్‌లో ఎగిరిన కొంగు

మొదటి పోస్టర్ ఎవరికీ నచ్చలేదు. మగ్గాల్లో పనిచేసే ఆడమనిషి కథకు హీరో ముఖం అంత పెద్దదిగా ఎందుకని అందరూ అడిగినారంట. అందుకే డైరెక్టర్ తిరుపతిలో నా డిజైన్ షాపుకొచ్చి కొత్తది చేయమన్నాడు. నేను హీరోయిన్‌ను మరమగ్గం పక్కన నిలబెట్టి, ఎర్రచీర కొంగును గాలికి ఎగరేసినాను. ఫోన్లలో చూసినవాళ్లంతా బ్రహ్మాండమన్నారు.

కథ నగరిలో జరిగేది కాబట్టి, ప్రింటుకు పోయే ముందు ఆ ఊర్లో ఒకసారి చూపించి రమ్మన్నాడు. రెండు గంటలకు ఫైలు ప్రెస్సుకు చేరాల. పదకొండుకు బస్సు దిగి, ఒక మగ్గాల షెడ్డు ఎదురుగా టీ అంగట్లో పోస్టర్ పరిచినాను. నేనడిగినోళ్లంతా బాగుండాదనేసి పోతా ఉన్నారు. గీసిన మనిషిని ఎదురుగా పెట్టుకొని ఇంకేమంటారు? అంగడాయన్ని అడిగి గోడకు అంటించి, నాకేమీ తెలియనట్టు బెంచీ మీద కూర్చున్నాను.

అన్నం వేళకు షెడ్డులోంచి ఆడవాళ్లు బయటికొచ్చినారు. ఒకామె పోస్టర్ చూసి నవ్వింది. పక్కనున్న పెద్దామె నవ్వలేదు.

"కొంగు అట్ల వదిలి మగ్గం కాడ నిలబడితే మనిషి దక్కతాదా?" అనింది.

ఉండబట్టలేక గీసింది నేనేనని చెప్పినాను. ఆమె కోప్పడలేదు. కొంగు నడుములో ఎట్ల దోపుకుంటారో చూపించి, తలకు కట్టిన తువ్వాలు విప్పింది. చెవిపైన అరచేయంత మేర వెంట్రుకలు లేవు. ఒకసారి జడ మగ్గాన్ని తిప్పే బెల్టులో చిక్కుకునిందంట. పక్క మగ్గం ఆమె స్విచ్ ఆపబట్టి బతికిందంట.

"ఆమెకు నవ్వొస్తాది పాపా. నాకు రాదు" అనింది.

అప్పటికే ఒకటిన్నర. డైరెక్టర్‌కు ఫోన్ చేస్తే, అందరికీ నచ్చింది ఆ కొంగేనని, ఒక్కామె మాటకు మార్చేది లేదని అన్నాడు. ఈయన పోతే మళ్లీ సినిమా పని ఎప్పుడొస్తుందో తెలియదు.

"నేను ఈ ఫైలు పంపను సార్" అన్నాను.

ఆయన గట్టిగా అరిచి, ప్రెస్సుకు పంపను వేరే ఫైలు లేక, చివరికి సాయంత్రం దాకా గడువిచ్చినాడు. ఆ బెంచీ మీదనే ల్యాప్‌టాప్ తెరిచి కొంగు దోపినాను, జడను ముడేసినాను.

కొత్తది చప్పగా ఉందని ఆన్‌లైన్‌లో చాలామంది రాసినారు. డైరెక్టర్ తర్వాతి సినిమాకు వేరేవాళ్లను పెట్టుకున్నాడు. ఊర్లో పోస్టర్ అంటించిన వారం నేను మళ్లీ నగరికి, ఆ షెడ్డు కాడికి పోయినాను. పెద్దామె దాని ముందర నిలబడి బాగా చూసింది.

"ఇప్పుడు మగ్గం పనికి వచ్చిన మనిషి మాదిరి ఉండాది" అని, క్యారియర్ విప్పి నాకూ ఒక సంగటి ముద్ద పెట్టింది.