దర్శనం వీసా

సహోదరులారా, సహోదరీలారా, మా మార్తమ్మక్క గల్ఫ్‌లో ఎవరింట్లోనో తాళం వెనక గిన్నెలు తోముతున్న ఆ నెలల్లో నేను చీపురుపల్లిలో వేళకు భోంచేస్తూనే ఉన్నాను, నా చీకటి కాలం అదే, బయటికి పెద్దగా కనబడలేదు.

మన సంఘంలో ఇంగ్లీషు డిగ్రీ నాకొక్కడికే ఉంది గనక, అక్కను సాగనంపే ప్రార్థనలో ఆమె వీసా చదివి వినిపించే భాగ్యం నాకు దక్కింది. పైన 'విజిట్' అని ఉంది. విజిట్ అంటే దర్శించడమే కదా, ఇది దర్శనం వీసా, దేవుడు మా అక్కను దర్శించాడు అన్నాను. అందరూ హల్లెలూయా అన్నారు. ముందు వరుసలో, అక్కను ఇంటిపనికి పంపుతున్న ఏజెంటు కూడా అన్నాడు. అడుగున సన్నక్షరాల్లో పని చేయడానికి అనుమతి లేదని ఉంది. చూశాను. అన్ని హల్లెలూయాల్ని వెనక్కి ఇమ్మనడం మర్యాద కాదనిపించి కాగితం మడిచేశాను.

మూడో నెలలో అక్క పక్కింటి పనిమనిషి ఫోన్లోంచి మాట్లాడింది. పాస్‌పోర్టు లాక్కున్నారట, జీతం అడిగితే నువ్వు చుట్టపుచూపుగా వచ్చినదానివి, పోలీసులకు పట్టిస్తాం అంటున్నారట.

"ఒరే తమ్ముడూ, ఆ కాయితంలో పని అన్న మాట ఉన్నాదా, నేదా? సూసి సెప్పు."

అక్కడి మన రాయబార కార్యాలయానికి అర్జీ పెడితే, ఏజెంటు పనికే పంపాడని ఒక సాక్షి రాసివ్వాలన్నారు. కాగితం చదివినవాణ్ణి నేనే. 'ప్రభువా, నా పేరు బయటికి రాకుండా అక్కను విడిపించు' అని రెండు వారాలు మోకాళ్లమీద బేరమాడాను. చివరికి 'నా పరువు పోతే పోనీ తండ్రీ, అక్కను ఇంటికి తే' అని ఏడ్చి, నేను దాచిన ఆ అడుగు వరుసతో సహా ఉన్నదున్నట్టు రాశాను. నా మొదటి సాక్ష్యం అది, మీరు వింటున్నది రెండోది.

దేవునికే మహిమ! రాయబార కార్యాలయం వాళ్లు ఆ దేశపు అధికారులతో మాట్లాడి, తలుపు తీయించి, పాస్‌పోర్టు ఇప్పించి, వారం తిరక్కుండా అక్కను విమానం ఎక్కించారు.

మన స్టేషన్లో రైలు దిగినప్పుడు ఆమె కుడిచేతి మణికట్టు మీద ఇస్త్రీపెట్టె వాత ఉంది. ఎప్పటిదక్కా అని అడిగాను. చెప్పింది. లెక్క చూసుకుంటే, నేను బేరమాడుతున్న ఆ రెండు వారాల్లోదే.

అక్క నన్నేమీ అనదు. ఆదివారం నేను వాక్యం చదివి కూర్చోబోతే మాత్రం, "అడుగుది కూడా సదువు, తమ్ముడూ" అంటుంది.

మీ ఆడబిడ్డల కాగితాలు తీసుకురండి, అడుగు నుంచి మొదలుపెట్టి చదువుతాను. దేవుణ్ణి నమ్మండి సహోదరులారా. ఆయన ఆలస్యం చేయలేదు. చేసింది నేను.