కోతయ్యాక చేను ఎవరిదీ కాదు

దుబాయ్ దగ్గర ఉమ్ అల్ క్వైన్‌లో మేం పనిచేసే గోదాం నిండా గడ్డే. ఒంటెలకూ మేకలకూ ఓడల మీద వచ్చే ఎండుగడ్డిని బేళ్ళు కట్టి కప్పు దాకా పేర్చి ఉంచుతారు. కరోనా వచ్చిన ఏడాది బిల్డింగ్ పని పోయి ఇందులో పడ్డాను. ఇష్టపడి చేరానని ఎవరైనా అంటే వాళ్ళ నోట్లో ఆ గడ్డి దుమ్ము కొట్టాలి. అన్నం తింటున్నా అదే దుమ్ము, దగ్గినా అదే దుమ్ము.

నాకు జోడీగా దొరికినవాడు ఇథియోపియావాడు, నాకంటే చిన్నవాడు. మా మధ్య నడిచేది లేబర్ క్యాంపు హిందీ, మధ్యమధ్య అరబ్బీ. వాళ్ళదీ మక్కజొన్న పండే ఊరే, మాదీ అదే. అలా కలిశాం. కొన్నాళ్ళు ఇక్కడ ఒళ్ళు వంచి, తర్వాత తల్లి దగ్గరికి వెళ్ళిపోయి ఆ చేనే దున్నుకుని బతకాలని వాడి పట్టు. క్యాంపులో ఆ మాట అనని మనిషి లేడు కాబట్టి నేను పట్టించుకోలేదు. వాడు మాత్రం నిజంగానే అనుకున్నాడు.

ఏటా కోతలయ్యాక వాళ్ళమ్మ పక్కింటివాళ్ళ ఫోన్‌తో చేను వీడియో తీయించి పంపేది. అందరి ఫోన్లలో పిల్లలూ పెళ్ళిళ్ళూ ఉంటే, వీడి ఫోన్లో మక్క చొప్ప ఉండేది. "ఏం భాయ్, చొప్పని పెళ్ళాం ఫొటో చూసినట్టు చూస్తున్నావ్?" అని ఏడిపించేవాణ్ణి. నవ్వేవాడు కానీ ఫోన్ మాత్రం పక్కన పెట్టేవాడు కాదు.

మొదటి ఏడాది వీడియోలో చొప్ప కుప్పల వెనక వాళ్ళమ్మ తలగుడ్డ తప్ప మనిషి కనిపించలేదు. మరుసటి ఏడు ఆమె భుజాలు కనిపించాయి. ఆపైన ఏడు కుప్పల మధ్య ఎర్రమట్టి బయటపడింది. వాన తక్కువా అని అడిగాను. వానొక్కటే కాదన్నాడు. అడవి దూరమైపోయింది. పుల్లల కోసం పొద్దున బయలుదేరితే అమ్మ మధ్యాహ్నానికి గానీ తిరిగిరాదు. అందుకని పేడా చొప్పా పొయ్యిలోకి పోతున్నాయి, మిగిలింది ఆవు తింటోంది. నేలకు ఏమీ మిగలడం లేదు. గడ్డిపోచ కూడా అడ్డులేని మట్టిని వాన కడిగేస్తోంది. బలం పోయిన నేలలో మక్క సన్నగా లేస్తుంది, సన్నటి మక్కకు సన్నటి చొప్ప వస్తుంది. ఏడాదికేడాది ఇదే వరస. చెబుతున్నంతసేపూ వాడి చేతులు బేలు తాడు విప్పుతూనే ఉన్నాయి. ఒంటెల కోసం.

ఆ రోజుల్లోనే మా తమ్ముడు ఊరి నుంచి ఒక వీడియో పంపాడు. మా చేనంతా మంటలు. మాటలు కూడా వినిపిస్తున్నాయి: "చొప్ప ఎవలకు గావాలెనే అన్నా? గొడ్లే లేకపాయె. దున్నేతందుకు అడ్డమైతుందని అగ్గివెట్టినం." నా భుజం మీదుగా చూసి వాడు కంగారుపడ్డాడు. "ప్రమాదమా భాయ్?" అన్నాడు. కాదు, మేమే పెట్టామన్నాను. వాడు తిరిగి బేళ్ళు ఎత్తడానికి పోయాడు. తిట్టినా బాగుండేదని అనిపించింది.

పోయినేడు వాళ్ళ ఊరికి వచ్చిన వ్యవసాయం ఆఫీసరు, వరసగా కొన్నేళ్ళు చొప్పని చేలోనే పరిచి వదిలేస్తే నేల తేరుకుంటుందని చెప్పాడట. వదిలేస్తే ఆవు ఏం తినాలి? వీడు ఆలోచించి ఆలోచించి ఆవుని అమ్మెయ్యమన్నాడు. తన పెళ్ళినాటి ఆవుకి మనవరాలది అని తల్లి ఏడ్చి, కొన్నాళ్ళు ఫోనే ఎత్తలేదు. చివరికి అమ్మేసింది. పొయ్యికి పుల్లలే తెచ్చుకుంటూ చొప్పంతా చేలో పరిచింది. ఆ వీడియో గోదాంలో అందరికీ చూపించాడు. వాడు అంత సంతోషంగా ఉండగా నేను చూసింది అదొక్కసారే.

వారం తిరక్కుండా ఊళ్ళో గొడ్లన్నీ ఆ చేలో పడ్డాయి. ఎక్కడా మేత లేదు, ఈ చేలో చొప్ప ఉంది. రెండు రోజుల్లో నేల కనిపించేలా తినేసి పోయాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "దిమాగ్ ఖరాబ్ అయిందా మీకు? కర్ర తీసుకుని తోలొద్దా? ముళ్ళకంప అయినా వెయ్యొద్దా?" అని వాడి మీదే అరిచాను.

వాడు ఒక బేలు మీద కూర్చున్నాడు. "కోతయ్యాక మా దగ్గర చేను ఎవరిదీ కాదు భాయ్. ఎవరి గొడ్డయినా వచ్చి మేస్తుంది. మా ఆవు ఇన్నేళ్ళూ వాళ్ళ చేలల్లో తిరిగి బతికింది. ఈరోజు మాకు ఆవు లేదని కంచె కడితే, రేపు మా అమ్మ పోతే మొయ్యడానికి ఎవరూ రారు."

కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. ఊళ్ళో గొడ్లు ఆకలితో వచ్చాయి. వాళ్ళమ్మ గడపలో నిలబడి చూసింది. తప్పు ఎవరి మీద వెయ్యాలి? అటు ఆవూ పోయింది, ఇటు చొప్పా పోయింది. ఆ ఏడు వేసిన మక్క మోకాలు దాటలేదని తర్వాత కబురొచ్చింది. దానికి వీడియో రాలేదు. పంపమని వీడూ అడగలేదు.

వాడి కాంట్రాక్టు అయిపోయే నెల వచ్చింది. ముదీర్, అదే మా మేనేజరు, పిలిచి, ఉంటావా వెళ్తావా తేల్చుకోమన్నాడు. మధ్యాహ్నం తిండి దగ్గర వాడు తల్లికి ఫోన్ చేశాడు. మాటలు నాకు అర్థం కావు, ఆమె గొంతు మాత్రం చాలా మామూలుగా వినిపించింది. పెట్టేశాక, ఏమందని అడిగాను.

"రావద్దంది. ఆ చేను తన ఒక్కదానికే చాలడం లేదంట. నేనొస్తే ఇంకో నోరు అవుతుందంట."

చెయ్యి కడుక్కుని ఆఫీసులోకి వెళ్ళి కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టి వచ్చాడు. బయట లారీ ఆగి ఉంది. గడ్డి దింపడానికి ఇద్దరం లేచాం.